మూడో బంతి

మా బడిలో అన్నం పెట్టే గది చిన్నది. పిల్లలంతా ఒక్కసారి కూర్చోవాలంటే ఒకరి ఒళ్లో ఒకరు కూర్చోవాలి. అందుకని మూడు బంతులు వేస్తాం. మొదటి బంతిలో పెద్దపిల్లలు, రెండో బంతిలో మధ్యవాళ్లు, మూడో బంతిలో అప్పుడే అక్షరాలు దిద్దుతున్న బుడతలు. బుడతలు నెమ్మదిగా తింటారు, వాళ్లను ముందు కూర్చోబెడితే మిగతావాళ్లకు పొద్దుగూకుతుంది, కాబట్టి వాళ్లు ఆఖరున కూర్చోవాలని ఎవరో ఎప్పుడో తేల్చారు. ఆ తేల్చినవాళ్లు ఏ బంతిలో తిన్నారో నేను ఊహించగలను.

వడ్డించేదాన్ని నేను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా వంటాయన అందరికీ చెబుతుంటాడు. ఉండదా మరి? బడి కట్టిన కొత్తలో ఎంతమంది పిల్లలున్నారో ఇప్పటికీ ఆఫీసు నుంచి అంతమందికే సరుకు వస్తుంది. పిల్లలు మాత్రం ఏటేటా పెరుగుతున్నారు. మొదటి బంతికి గరిటె నిండుగా వేస్తాను, రెండో బంతికి చూసి వేస్తాను, మూడో బంతికి గిన్నె అడుగు గీకుతాను. మొదటినుంచే చెయ్యి బిగబట్టి అందరికీ కొంచెం కొంచెం వేసి కూడా చూశాను. బడి బడంతా అర్ధాకలితో లేచింది. మధ్యాహ్నం పాఠాల్లో పెద్దపిల్లలు బల్లల మీద తలలు వాల్చేశారు. పెద్దమేడం పిలిచి, నీ న్యాయం నీ దగ్గరే ఉంచుకోమంది.

మా అక్క కూతురు ఆ మూడో బంతిలోనే, ఆ చివర కూర్చుంటుంది. దాన్ని ఇంట్లో అందరం ఉడుత అంటాం. ఏది పెట్టినా ముందు బుగ్గలో దాచుకుని తర్వాత నములుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే అని సామెత. సొంత పిన్ని గరిటె పట్టుకుని నిలబడి ఉంది, పిల్ల కడబంతినే కూర్చుని ఉంది, సామెతకు కావలసినవన్నీ అమిరాయి. గిన్నెలో అన్నం ఒక్కటే అమరలేదు.

నా పోరు పడలేక చివరికి పెద్దమేడం సరుకుల ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆవిడ పిల్లల ముందు పులి, ఆఫీసు ముందు పిల్లి. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కూడా లేచి నిలబడుతుంది.

"సార్, మాకు రెండు బంతులకే సరిపోతున్నాయండీ. మూడో బంతికి ఏమీ ఉండట్లేదు. కాస్త మూడో బంతికి కూడా పంపించండి సార్."

"మూడో బంతి కావాలి. అంతేనా?" అంది అవతలి గొంతు.

"అంతేనండీ, అంతే," అని ఆవిడ ఫోన్‌కు వంగి మరీ దండం పెట్టింది.

ఆ సోమవారమే వ్యాను వచ్చింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగితే ఆఫీసు ఏం పెడుతుందో ఆ రోజు చూశాం. గోనెసంచి విప్పగానే ఎర్రటి రబ్బరు బంతులు టపటపా దొర్లుకుంటూ వంటింట్లో పొయ్యి కిందికీ, నీళ్లతొట్టి వెనక్కీ పోయాయి. వంటాయన ఒకదాన్ని పట్టుకుని, నొక్కి, వాసన చూసి, చాలా గంభీరంగా తల ఊపాడు.

"ఇది ఎంతసేపు ఉడికించినా మెత్తబడదమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం ఒక బంతి చంకన పెట్టుకుని మా అక్కావాళ్ల ఇంటికి వెళ్లాను. సరుకుల ఆఫీసులో ఫోన్ ఎత్తే గుమాస్తా ఎవరో కాదు, మా బావ. ఉడుత తండ్రి. నేను వెళ్లేసరికి ఉడుత కంచం ముందు కూర్చుని, తల కూడా ఎత్తకుండా తింటోంది. బావ పక్కన కూర్చుని, పిల్లకు ఎంత ఆకలో చూశావా, ఎదిగే వయసు అని మురిసిపోతున్నాడు.

"బావా, ఇదేంటి?" అని బంతి ఆయన ముందు పెట్టాను.

"బంతి."

"బంతి అంటే?"

"చేత్తో పట్టుకొచ్చి నన్నడుగుతావేం మరదలా?"

"భోజనాల దగ్గర బంతి అంటే ఏంటని అడుగుతున్నా."

"వరస. ఒక్కసారి కూర్చుని తినేవాళ్ల వరస. అది కూడా తెలియనివాళ్లుంటారా?"

"మరి మూడో బంతికి పంపండంటే ఇవెందుకు పంపారు?"

బావ నా వైపు జాలిగా చూశాడు. "వరస అనేది ఇంట్లో. ఆఫీసులో బంతి అంటే ఆటసామాను. తినేవాళ్ల వరసను అక్కడ పంక్తి అంటారు. పంక్తి తిండి విభాగంలో ఉంది, బంతి ఆటల విభాగంలో ఉంది. మేడంగారు బంతి అన్నారు, ఆటలవాళ్లు పంపారు."

"ఆవిడ అడిగింది అన్నమని మీకు అర్థం కాలేదా?"

"ఎందుకు కాలేదు? ఆవిడ ఫోన్ పెట్టకముందే అర్థమైంది. అర్థమైనదాన్ని బట్టి పనిచేస్తే ఆఫీసు నడుస్తుందా? అన్నదాన్ని బట్టి చెయ్యాలి."

"అయితే రేపు పంక్తి అని అడుగుతాం."

"అదెలా కుదురుతుంది? మూడోది అందింది కదా. అందినదాన్నే పేరు మార్చి మళ్లీ అడిగితే రెండుసార్లు అడిగినట్టు."

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ కూతురు కూర్చునేది ఆ మూడో బంతిలోనే బావా. బడిలో దాని కడుపు నిండట్లేదు," అన్నాను.

బావ ఉడుత వైపు తిరిగాడు. "ఏమ్మా, మధ్యాహ్నం బడిలో తిన్నావా?"

ఉడుత బుగ్గలోది మింగి, నన్ను చూసింది, వాళ్ల నాన్నను చూసింది. "తిన్నా నాన్నా. పిన్ని బాగా వడ్డించింది," అంది.

నన్ను వెనకేసుకొచ్చింది. గిన్నెలో లేకపోవడం నా తప్పనుకుని, నాకు మాట రాకూడదని, అక్షరాలు కూడా పూర్తిగా రాని పిల్ల అబద్ధమాడింది. బావ మాత్రం చేతులు దులుపుకున్నాడు.

"చూశావా, తిన్నానంటోంది," అన్నాడు.

ఇది ఇలా ఉండగా గోరుచుట్టు మీద రోకటిపోటులా ఏడు దేశాలాయన దిగాడు. ఈయన మా బావకు పైఅధికారి. బడిపిల్లలకు ఏ దేశం ఎలా అన్నం పెడుతోందో చూసి రమ్మని ఆయన్ను ఏడు దేశాలు తిప్పారు. తిరిగొచ్చిన రోజునుంచీ ఆయన్ను అందరూ అలాగే పిలుస్తున్నారు, ఆయనకూ నచ్చింది. మా బడికి మూడో బంతి వెళ్లిందన్న కబురు తిండి విభాగం నుంచి ఆటల విభాగానికీ, అక్కడి నుంచి ఈయనకూ చేరేసరికి, మేమేదో బంతితో భోజనం పెట్టే కొత్త పద్ధతి కనిపెట్టామని ఆయనకు తోచింది.

అన్నం గది మధ్యలో నిలబడి ఆయన మాకు లోకం చూపించాడు. ఒక దేశంలో పిల్లలే తెల్లటోపీలు పెట్టుకుని వడ్డించుకుంటారట, బల్లలు కూడా వాళ్లే తుడుస్తారట. ఇంకోచోట మెడకు గుడ్డ కట్టి, ఒక్కో వంటకం విడివిడిగా తెచ్చి, గంటకు పైగా తినిపిస్తారట. ఇంకో దేశంలో పెద్దపంతులు ముందు తినాలట, ఆయన కులాసాగా ఉంటేనే పిల్లలకు పెడతారట. ఇంటి నుంచి డబ్బాలో రొట్టె తెచ్చుకునేవాళ్లున్నారట, ఊరి చుట్టూ పండిందే బడిలో వండేవాళ్లున్నారట. ఆరో దేశం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతులో ఉత్సాహం తగ్గింది.

"అక్కడ ఉన్నవాళ్ల పిల్లలకూ లేనివాళ్ల పిల్లలకూ అందరికీ ఒకే అన్నం ఊరికే పెడతారు. అందులో చూడ్డానికేం లేదు. అందరూ తింటున్నారు, అంతే," అన్నాడు.

"ఏడో దేశం సార్?" అని వంటాయన ఆత్రంగా అడిగాడు.

"నేను వెళ్లిన వారం అక్కడ బళ్లకు సెలవులు."

ఆ తర్వాత బల్ల మీదున్న ఎర్రబంతిని రెండు చేతులతో పైకెత్తాడు. "ఏడు దేశాల్లో ఎక్కడా పిల్లలకు బంతితో అన్నం పెట్టడం నేను చూళ్లేదు. మనమే మొదలు!"

"సార్, బంతి అంటే అసలు..." అని నేను నోరు తెరిచాను.

"బంతి అంటే ఏంటో నాకు తెలుసమ్మా," అన్నాడాయన, దాన్ని నేలకేసి కొట్టి పట్టుకుంటూ.

పెద్దమేడం వైపు చూశాను. ఆవిడ అప్పటికే లేచి నిలబడి ఉంది. "అవునండీ, మనమే మొదలండీ," అంది.

మన పద్ధతి చూపించడానికి ఆయన ఆ ఏడు దేశాల నుంచీ ఒక్కొక్కరిని పిలిచాడు. అతిథుల భోజనానికి కావలసిన బియ్యం, కూరలు, పళ్లు మర్నాడే వచ్చాయి. వాటికి మాత్రం ఏ పేరు గొడవా రాలేదు.

అనుకున్న రోజు రానే వచ్చింది. అతిథులు మొదటి బంతి. మా పిల్లల మూడు బంతులూ వాళ్ల తర్వాత. అంటే బుడతలు ఇంకో మెట్టు కిందికి దిగి నాలుగో బంతి అయ్యారన్నమాట. అయినా ఏడు దేశాలాయన వాళ్లను ముందే రప్పించి, ఒక్కొక్కరి చేతికీ ఒక బంతి ఇచ్చి, గోడవారన నిలబెట్టాడు. అతిథులు తింటుంటే చూడ్డానికి బాగుంటుందట. సరుకు తెచ్చిన మా బావ కూడా పై అధికారి పక్కన, బంతి చివర, బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

వంటాయన అతిథుల గిన్నె నా చేతికిచ్చాడు. మూత తీసి పట్టుకుని గదిలోకి వచ్చాను. ఎడమపక్క అతిథులు, కుడిపక్క బుడతలు. ఆవిరి గదంతా కమ్ముకుంది. బుడతలంతా ఒక్కసారిగా ఇటు తిరిగారు. ఉడుత నన్ను చూడలేదు. గిన్నెను చూసింది. చూసి, తనది కాదని తెలిసినట్టు, చేతిలో బంతిని చూసుకుంది.

అంతే, నా ముక్కుమీద ఉన్నది నెత్తికెక్కింది. కుడిపక్కకు తిరిగాను.

"కూర్చోండర్రా," అన్నాను.

పిల్లలు నేలమీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి చేతిలోంచి బంతి తీసుకుని కంచం పెట్టాను, కంచం నిండా అన్నం పెట్టాను, దాని మీద కూర వేశాను. అందరికీ వేశాక ఆ బంతులన్నీ కొంగులో పోసుకుని అతిథుల దగ్గరికి వెళ్లి, తలా ఒకటి కంచంలో వడ్డించాను. ఏడు దేశాలాయనకు ఒకటి, బావకు ఒకటి.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు ఏడు దేశాలాయన.

"మూడో బంతి సార్. ఆఫీసువాళ్లు మా పిల్లలకు పంపింది ఇదే. మొహమాటపడకుండా తినండి."

పెద్దమేడం కళ్లు మూసుకుంది. నా పని ఇవాళ్టితో సరి అని నాకూ తెలుసు. కానీ అతిథులు అతిథులే. పరాయి చోట పెట్టింది వద్దనకూడదని వాళ్ల ఇళ్లలోనూ నేర్పే ఉంటారు. మెడకు గుడ్డ కట్టుకున్న ఆయన కత్తి తీసి బంతిని ముక్కలు కోయబోయాడు. అది తుస్సుమని ఆయన మొహాన గాలి కొట్టి చప్పబడిపోయింది. ఆయన కళ్లు మూసుకుని ఆ గాలిని ఆస్వాదించి ఏదో అన్నాడు. పక్కనావిడ డబ్బా తెరిచి తన బంతి అందులో కుక్కి, మూత పట్టక దాని మీద కూర్చుంది. ఇంకొకాయన దీన్ని ఏ పొలంలో పండించారని అడుగుతున్నట్టు కిటికీలోంచి బయటికి చూపించాడు. ముందు పెద్దపంతులు తినాలనే దేశం ఆయన తన కంచాన్ని మర్యాదగా పెద్దమేడం ముందుకు జరిపాడు. ఆవిడ, ఎదురుగా ఆఫీసు కూర్చుంది కాబట్టి, లేచి నిలబడి ఒక పక్క కొరికింది.

"అద్భుతంగా ఉందంటున్నారు," అని ఏడు దేశాలాయన అందరి తరఫునా చెప్పాడు. ఆయనకు ఒక్క భాషా రాదు, అయినా దుబాసీ ఆయనే. తెల్లటోపీ దేశం అతను లేచి, ఎవరూ ఏమీ పారబోయకపోయినా, బల్ల తుడవడం మొదలుపెట్టాడు. సెలవుల దేశం ఆయన బంతిని నేలకేసి కొట్టి పట్టుకుంటున్నాడు.

ఆరో దేశం ఆవిడ ఒక్కతే బంతిని ముట్టుకోలేదు. తన కంచం చూపించింది. పిల్లల కంచాలు చూపించింది. ఏదో అడిగింది.

"ఆవిడకు చాలా నచ్చిందట," అన్నాడు ఏడు దేశాలాయన.

ఆవిడ లేచి మళ్లీ చూపించింది, ఈసారి నెమ్మదిగా. రోజూ వీళ్లకు పెట్టేది ఇదేనా అని. దానికి దుబాసీ అక్కర్లేకపోయింది. పిల్లలు నమిలే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

మా బావ అప్పటికి చాలాసేపటి నుంచి తన కంచం వైపు చూడటం మానేశాడు. గోడవారన చివర కూర్చున్న కూతురిని చూస్తున్నాడు. ఉడుత తల ఎత్తకుండా, బుగ్గలో దాచుకోవడం కూడా మరిచిపోయి తింటోంది. సాయంత్రం ఇంట్లో ఎలా తింటుందో అచ్చం అలాగే. ఎదిగే వయసని మురిసిన ఆకలి మధ్యాహ్నం నుంచి మోసుకొచ్చిన ఆకలని ఆయనకు అప్పుడు తెలిసింది. తెలిసిన సంగతి మొహంలో కనబడింది.

"ఈ బంతులు ఎవరు పంపారు?" అన్నాడు ఏడు దేశాలాయన, గొంతు తగ్గించి.

"నేనే సార్. ఫోన్ ఎత్తింది నేను." బావ లేచాడు. "సార్, ఆవిడ అడిగింది ఇవి కాదు. బంతి అంటే తినేవాళ్ల వరస. మూడో బంతి అంటే అదిగో, ఆ గోడ దగ్గరున్నది. ఆ చివర కూర్చుంది మా అమ్మాయి సార్. దానికి రోజూ అన్నం అందట్లేదు. ఫోన్ వచ్చినప్పుడే నాకు అర్థమైంది సార్. అర్థమయ్యీ ఇవి పంపాను."

బావను ఎంత తిట్టుకున్నానో, ఆ క్షణాన అంత ముద్దొచ్చాడు నాకు.

ఏడు దేశాలాయన మొహం వాడిపోయింది. "అంటే ఇది కొత్త పద్ధతి కాదా?"

"కాదు సార్."

"ఎక్కడైనా ఉండేదేనా?"

"ఎక్కడైనా ఉండేదే సార్. ఆకలి."

ఆయన అతిథుల వైపు ఓరగా చూసి, ఈ సంగతి అతిథుల చెవిన పడకూడదన్నాడు. బంతి అనే మాటను ఆటల విభాగం నుంచి తిండి విభాగంలోకి మార్చడం చిన్న విషయం కాదనీ, అలాంటి మాటలను మిగతా దేశాలు ఎలా మారుస్తున్నాయో వెళ్లి చూసి రావాలనీ తేల్చాడు. అంతవరకు సరుకు ఎప్పటిలాగే వస్తుందని చెప్పి, మర్నాడే ప్రయాణం పెట్టుకున్నాడు. నన్ను తీసేయాలనుకున్నాడు కానీ, భోజనం చాలా తేలిగ్గా ఉందని ఆరుగురు అతిథులు మెచ్చుకుని వెళ్లారు. విదేశాలు మెచ్చిన భోజనం వడ్డించినదాన్ని తీసేయడానికి ఆఫీసులో దారి లేకపోయింది.

ఆ తర్వాత వారం వ్యాను ఎప్పటికంటే మెల్లిగా వచ్చింది. డ్రైవరు సంచులు దించుతూ, ఇంత బరువైన గాలి జన్మలో మొయ్యలేదని తిడుతున్నాడు. చూద్దును కదా, సంచుల మీద పెద్దపెద్ద అక్షరాలతో గాలి అని రాసి ఉంది.

పెద్దమేడం గదిలోకి ఒక్క ఉరుకున పోయి ఫోన్ లాక్కున్నాను. "గాలి పంపుతారా బావా? మా పిల్లలు గాలి భోంచేసి బతకాలా? మీకసలు మనసనేది ఉందా?"

"మీ బడిలో బంతులు చప్పబడ్డాయని తెలిసింది," అన్నాడు బావ, ఆఫీసు గొంతుతో, ఒక్కో మాటా విడదీసి. "ఇచ్చిన బంతులకు గాలి అందించడం మా బాధ్యత. ఎంత గాలి పడితే అంత పంపుతాం. దానికి పైవాళ్ల అనుమతి అక్కర్లేదు. ప్రతి వారం వస్తుంది."

నేను మళ్లీ అరవబోతుంటే ఆయన గొంతు ఒక్కసారిగా ఇంటి గొంతైపోయింది.

"ముందు సంచి విప్పి చూడవే తల్లీ," అన్నాడు.

విప్పాను. బియ్యం. రెండో దాంట్లోనూ బియ్యమే. మూడో దాంట్లో కూరగాయలు.

ఆ మధ్యాహ్నం మూడో బంతికి వచ్చేసరికి గిన్నె సగానికి పైగా నిండుగా ఉంది. గరిటె అడుగు తగలకపోతే నా చేతికి కొత్తగా అనిపించింది. బుడతలకు పెట్టిందే పెట్టాను, వద్దన్నా వేశాను. అందరికంటే ఆఖరున తినే ఉడుత ఆ రోజు సగంలో ఆగి, చెయ్యి కంచానికి అడ్డం పెట్టింది.

"చాలు పిన్నీ. ఇంక పట్టదు," అంది. కంచంలో అన్నం వదిలేసి, లేచి ఆడుకోవడానికి పరిగెత్తింది.

అన్నం వదిలేసే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెద్దపిల్లల్లో ఎవరైనా ఆ పని చేస్తే చెవి మెలేసి మళ్లీ కూర్చోబెడతాను. ఆ కంచం తీసుకుని వంటింటి మూలకు పోయి, మిగిలిన ముద్దలన్నీ నేనే తిన్నాను. తింటుంటే కళ్లలోంచి నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. వంటాయన కంగారుగా వచ్చి ఏమైందమ్మా అని అడిగితే, కూరలో ఉప్పు తక్కువైందని ఆయన మీద అరిచాను.